ముప్పై నాలుగో ముడి

తాళ్లదిబ్బ కుప్పంలో, అంటే సముద్రపు ఒడ్డునున్న ఆ జాలర్ల పల్లెలో, రోజారమణికి ఉద్యోగం వచ్చిన రోజే వాళ్ళ నాయన కామాక్షయ్యకు పని పోయింది. ఒకే ఇంట్లో, ఒకే కుండలోని అన్నం ఇద్దరూ తిన్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకున్నా పైకి అనలేదు.

కామాక్షయ్య పనల్లా ఒడ్డున కూర్చోవడం. నవ్వకండి, అది మాటల్లో చెప్పినంత తేలిక కాదు. తెల్లవారుజామున బోట్లు నీళ్ళలోకి దిగుతుంటే ఒక్కో బోటుకు నైలాను తాడులో ఒక్కో జారుముడి వేస్తాడు. మధ్యాహ్నం దాటాక అవి తిరిగొస్తుంటే ఒక్కో ముడీ లాగేస్తాడు. పొద్దు వాలేలోపు తాడు నున్నగా అయిపోవాలి. ఒక్క ముడి మిగిలినా పెద్దకాపు, అంటే కుప్పంలో తీర్పులు చెప్పే మనిషి, ఊరంతటినీ లేపుతాడు. ఇంటికొకరు బోటెక్కి వెతకడానికి పోవాలి. ముప్పై ఏళ్ళలో అలా ఆరుసార్లు పోయారు, నాలుగుసార్లు మనుషుల్ని ప్రాణాలతో తెచ్చుకున్నారు. అందుకు కామాక్షయ్యకు దక్కేది బోటుకో గుప్పెడు చేపలు, అంతే.

మూడేళ్ళ కిందట సర్కారువాళ్ళు ‘కడలి కన్ను’ అని ఒక ప్రాజెక్టు తెచ్చారు. బోటుకో పెట్టె బిగించారు. దానిమీద ఒక పచ్చలైటు, ఒక ఎర్ర మీట. తుఫాను షెల్టరు పక్కన గది కట్టి గోడంత టీవీ పెట్టారు. సముద్రంలో ఏ బోటు ఎక్కడుందో అందులో చుక్కలై కనబడుతుంది. దాన్ని చూస్తూ కూర్చోవడానికి పక్కనున్న కోట టౌనులో డిగ్రీ చదివిన రోజారమణిని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఇక ఆ ముసలాయనకు చేపలెందుకని కుప్పం తీర్మానించేసింది.

“పెదనాయనా, ఇంక ఆ తాడు తెచ్చి నా మేకను కట్టెయ్” అని ఎగతాళి చేసినవాడు పెంచల్. కామాక్షయ్య కూడా నవ్వాడు. నవ్వి, తాడు చుట్టచుట్టి చూరులో దోపాడు.

కుప్పంలో వాళ్ళకు ఆ పెట్టె వాడకం నేర్పింది రోజారమణే. వలల షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి, కాగితంలో రాసిచ్చింది రాసిచ్చినట్టు చెప్పింది. “ఇంజను ఆగినా, నీళ్ళొచ్చినా ఎర్రమీట నొక్కండి. నొక్కినాక లంగరేసుకోని ఉన్నచోటే ఉండండి. కదిలినారంటే మాకు వెతుక్కోవడం కష్టం. మేం వచ్చేస్తాం.”

“ఎన్నింటికొస్తారక్కా? టీ కాచి పెట్టుకోమంటావా?” అన్నాడు పెంచల్, షెడ్డంతా గొల్లుమంది. ఆ తర్వాత మాత్రం మీట ఎలా నొక్కాలో రెండుసార్లు అడిగి మరీ నేర్చుకున్నాడు. దుర్గను పెళ్ళాడి అప్పటికి ఏడాదే అయింది.

సర్కారు సొమ్ముకు ఒక చిత్రమైన గుణముంది. పెట్టెలు కొనడానికి దొరుకుతుంది, టీవీకి దొరుకుతుంది, ప్రారంభోత్సవం నాడు పూలదండలకూ దొరుకుతుంది. కొన్నవాటిని పదేళ్ళు నడపాలంటే మాత్రం ఏటా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాలి. మొదటి దశ మూడేళ్ళూ మార్చి నెలాఖరుతో అయిపోయాయి. రెండో దశ ఫైలు ఏ బల్లమీద ఉందో ఎవరికీ తెలియదు. ఎక్కడో ఊరుగాని ఊళ్ళో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లు ఉంటాయట, బోట్ల సంకేతాలు అందుకునేవి అవే. ఏప్రిల్ రెండోవారంలో వాటిని ఆపేశారు. అప్పటికి వేట నిషేధం మొదలవుతోంది, బోట్లన్నీ ఇసుకమీదే ఉన్నాయి. అందుకని ఎవరికీ ఏమీ తెలియలేదు. పెట్టెల మీద పచ్చలైటు మాత్రం బ్యాటరీతో మిణుకుమిణుకుమంటూనే ఉంది.

తెలిసింది రోజారమణి ఒక్కదానికే. జూన్ మొదట్లో నెల్లూరు నుంచి ప్రాజెక్టు ఇన్‌చార్జి జయకుమార్ వచ్చాడు. అతనిదీ కాంట్రాక్టు బతుకే, ముఖం పీక్కుపోయి ఉంది.

“పదిహేనో తారీకు రాజధాని నుంచి చూడ్డానికి వస్తున్నారమ్మా. బాగుందనిపిస్తే ఐదేళ్ళకూ కలిపి ఒకేసారి ఇస్తారు. ఇంక ఏటా ఈ దేబిరింపు ఉండదు.”

“సార్, నిషేధం తీరినాక పదిహేనే మొదటి వేట. బోట్లన్నీ పోతాయి. పెట్టె పలకదని మావాళ్ళకు చెప్పేద్దాం సార్.”

“చెబితే గోల చేస్తారు. గోల పేపర్లో పడుద్ది. పనిచెయ్యని దానికి ఐదేళ్ళ డబ్బెందుకని మొత్తం మూసేస్తారు. అప్పుడు మీ కుప్పానికి దిక్కెవరు? ఒక్క పూటమ్మా. మార్చిలో ఒకరోజు రికార్డు నా దగ్గరుంది, అదేసి చూపిద్దాం. నెల తిరక్కుండా నిజంగానే పనిచేయిస్తాను, నామీద ఒట్టు.”

అతను అబద్ధమాడలేదు. ఆ మాట నమ్మే అన్నాడు. రోజారమణి కూడా నమ్మింది. తన ఉద్యోగం ఊడుతుందన్న భయమూ అందులో లేకపోలేదు. ఆ సంగతి ఆమె ఎవరిముందూ దాచలేదు, ఆ తర్వాత.

కానీ ఆమెకు మనసొప్పలేదు. పధ్నాలుగో తారీకు సాయంత్రం చూరులోంచి తాడు తీసి, దుమ్ము దులిపి నాయన చేతిలో పెట్టింది.

“రేపు ఒడ్డున కూర్చో నాయనా.”

“ఎందుకమ్మే? నీ టీవీ ఉండాదిగా?”

“ఊరికే. మొదటి వేట కదా, నీ చెయ్యి మంచిదని.”

కామాక్షయ్య మొహం చూడాలి అప్పుడు! ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండోది మసక. ఆ రెండు కళ్ళూ తుడుచుకుని, మూడున్నరకే లేచి, తలకు తువ్వాలు చుట్టుకుని ఒడ్డుకు పోయాడు. ముప్పై నాలుగు బోట్లు పోయాయి. ముప్పై నాలుగు ముడులు పడ్డాయి. ఇరవై ఏడో నంబరు బోటు పెంచల్‌ది. తోడుగా పోలేరయ్య ఎక్కాడు.

“ఏం పెదనాయనా, మళ్ళీ కొలువిచ్చినారా?” అని అరిచి చెయ్యూపాడట పెంచల్.

మధ్యాహ్నం మూడింటికి రాజధాని నుంచి ముగ్గురొచ్చారు. వాళ్ళలో పెద్దావిడ మంచి మనిషి. కుర్చీ ఇస్తే కూర్చోకుండా ప్రతిదీ నిలబడి అడిగి తెలుసుకుంది. జయకుమార్ పెన్ డ్రైవ్ పెట్టాడు. టీవీలో మార్చి నెల సముద్రం వెలిగింది. ముప్పై నాలుగు పచ్చచుక్కలు బారులు తీరి ఒడ్డుకొచ్చి నిలబడ్డాయి. రోజారమణి చేత్తో చూపిస్తూ చెబుతోంది. కిటికీలోంచి చూస్తే బయట నిజం సముద్రం. దానివైపు చూడకుండా నిలబడింది.

నాలుగు దాటి నలభై నిమిషాలకు కామాక్షయ్య గుమ్మంలోకొచ్చాడు. చేతిలో తాడు. పెద్దమనుషుల్ని చూసి తలకు చుట్టిన తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

“అమ్మే, ఒకటి మిగిలిందే. పెంచల్ బోటు నాకు కనపడలా.”

అదేమిటని పెద్దావిడ అడిగింది. ఆయన చెప్పాడు, సిగ్గుపడుతూ. ఆవిడ తాడు పట్టుకుని చూసి ముచ్చటపడింది. పక్కనున్న కుర్రాఫీసరు ఫోను తీసి ఫోటోకు సిద్ధమయ్యాడు. అప్పుడావిడ రోజారమణి వైపు తిరిగి, “స్క్రీన్ ఏం చెబుతోందమ్మా?” అంది.

అయ్యో, ఆ ఒక్క క్షణం. జయకుమార్ నేలచూపులు చూస్తున్నాడు. టీవీలో ఇరవై ఏడో నంబరు చుక్క ఒడ్డునే ఉంది, మార్చిలో. పెంచల్‌కు, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ అవతల రేవులో చేపలమ్ముకుని నింపాదిగా వచ్చే అలవాటుంది, ఇవాళా అంతే అయ్యుంటుంది అనుకుంది రోజారమణి. వీళ్ళు పోగానే ఫోను చేద్దాం అనుకుంది. ఒక్క అరగంట. అరగంటలో ఏం మునిగిపోతుంది?

“అన్నీ వచ్చేశాయి మేడం.”

కామాక్షయ్య కూతురి మొహంలోకి చూశాడు. “నువ్వు చూసినావా అమ్మే?”

“చూసినా నాయనా.”

“అయితే నా కన్నే మోసం చేసినట్టుండాది” అని నవ్వి, అందరూ చూస్తుండగా ఆఖరి ముడి లాగేశాడు. ఫోటో పడింది. పెద్దావిడ చప్పట్లు కొట్టింది.

వాళ్ళు టీ తాగి, వేయించిన రొయ్యలు తిని, కార్లెక్కేసరికి ఐదున్నర. పడమట మబ్బు నల్లగా లేచింది. రోజారమణి పెంచల్‌కు ఫోను చేసింది, కలవలేదు. పోలేరయ్యకు చేసింది, కలవలేదు; ఒడ్డు నుంచి రెండు మైళ్ళు దాటితే అక్కడ సిగ్నలే ఉండదు. చెప్పులు వదిలేసి పెద్దకాపు ఇంటికి పరిగెత్తింది. ఆమె నోటివెంట మాట పూర్తయ్యేలోపే గాలివాన ఒడ్డును పట్టుకుంది. ఇసుక కళ్ళలో కొడుతుంటే నాలుగు బోట్లు నీళ్ళలోకి తోశారు. నాలుగూ తిరగబడ్డాయి. ఇక ఎవరూ పోలేకపోయారు.

మూడోరోజు పోలేరయ్య శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పెంచల్ రాలేదు. ఉత్తరాన ఎక్కడో బోర్లాపడి తేలుతున్న బోటును వేరే ఊరివాళ్ళు లాక్కొచ్చారు. పెట్టె దానికి బిగించినచోటే ఉంది. లైటు ఇంకా వెలుగుతోంది.

ఆదివారం పొద్దున వలల షెడ్డులో కుప్పం కూడింది. అన్నీ వచ్చేశాయన్నదెవరని పెద్దకాపు అడిగాడు. రోజారమణి లేవబోయింది. అంతకుముందే కామాక్షయ్య లేచి నిలబడ్డాడు.

“నేనే. ముడి తప్పుగా ఇప్పినా. కళ్ళు కనపడనోడు ఒడ్డున కూర్చోకూడదు. తప్పు నాదే, ఏం శిక్షేసినా పడతా.”

ఆయనకు తెలుసు. టీవీ ముందు కూతురి మొహం చూసినప్పుడే తెలియకపోయినా, ఈ నాలుగు రోజుల్లో తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళలో ఒక్క ముడి తప్పని మనిషి, ఊరందరి ముందూ తప్పానని ఒప్పుకుంటున్నాడు. రోజారమణి పోయి నాయన పక్కన నిలబడింది.

“లెక్క తప్పలేదు. నాయన ఒకటి మిగిలిందనే చెప్పినాడు. నేనే అబద్ధమాడినా. ఏప్రిల్ నించి ఆ పెట్టె పలకడంలేదు. నాకు తెలుసు.”

కొంతమంది తిట్టారు. ఒకామె ఇసుక తీసి మొహాన కొట్టింది. రోజారమణి తుడుచుకోలేదు. పెట్టెలో దాగిన రికార్డును రాత్రే తీసి కాగితం మీద రాసుకుంది, అది చదివింది.

“రెండూ ఇరవైకి ఇంజను ఆగింది. రెండూ ఇరవై నాలుగుకు మీట నొక్కినాడు. తర్వాత మూడింటికి. అట్టా మొత్తం పదకొండుసార్లు. నాలుగూ నలభైకి ఒకసారి నొక్కినాడు. ఆఖరుది ఐదూ యాభై రెండుకి. అప్పటిదాకా బోటు ఉన్నచోటునించి కదల్లేదు. ఒడ్డుకు నాలుగు మైళ్ళలోనే ఉంది.”

“కదల్లేదా?” అన్నాడు కామాక్షయ్య. “మూడున్నర గంటలా? ఆ పొద్దంతా సముద్రపు గాలి వీస్తా ఉండెనే. తార్పాలు పట్టా తెరచాప మాదిరి కట్టి ఎత్తినా చాలు, చీకటి పడకముందే గట్టున పడుండేవాళ్ళు. పెంచల్‌కు తెలీని పనా అది?”

అంతసేపూ గోడకానుకుని కూర్చున్న దుర్గ తలెత్తింది. కడుపులో ఆరోనెల.

“తెలుసు మామా” అంది. “నొక్కినాక లంగరేసుకోని ఉన్నచోటే ఉండమని వదిన చెప్పిందంట. ఇంటికొచ్చి నాకూ చెప్పినాడు. కదిలితే వాళ్ళకు వెతుక్కోవడం కష్టమంట.” తర్వాత రోజారమణిని అడిగింది. కోపంగా కూడా కాదు. “ఎవరూ చూడటంలేదని ఒక్క మాట చెప్పుంటే వచ్చేసుండేవాడు కదా వదినా?”

 

ఆగస్టులో ఐదేళ్ళ నిధులూ ఒకేసారి మంజూరయ్యాయి. నివేదిక పుస్తకం అట్టమీద కామాక్షయ్య ఫోటో వేశారు, నవ్వుతూ ముడి లాగుతున్నది. జరిగినదంతా రోజారమణి పేజీల కొద్దీ రాసి పంపింది, తన పేరూ జయకుమార్ పేరూ పెట్టి. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. లోపలెక్కడో ఒక పేరాలో మాత్రం, ఇరవై ఏడో నంబరు బోటు ప్రమాదానికి కారణం పరికరం వాడకంలో అవగాహన లోపమనీ, మత్స్యకారులకు శిక్షణ పెంచాలనీ ఉంది. ఆ శిక్షణ ఇవ్వమని రోజారమణికే ఉత్తర్వు వచ్చింది. కుప్పంలో ఆమెతో మాట్లాడేవాళ్ళు తక్కువ. అయినా శిక్షణ కాగితం చదివి చెప్పగలిగే మనిషి ఇంకొకరు లేరు.

సెప్టెంబరులో అదే వలల షెడ్డు. కొత్త పెట్టెలు, కొత్త కాగితం. జయకుమార్ ముందువరుసలో కూర్చున్నాడు. కామాక్షయ్య వెనక గుంజకానుకుని తాడు ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్దకాపు మళ్ళీ ఒడ్డున కూర్చోమన్నాడు ఆయన్ని. జూన్ పదిహేను నాటి ఆఖరి ముడి తిరిగి వేసుకున్నాడు, దాన్ని మాత్రం విప్పడు. దుర్గ గుమ్మం బయట నిలబడి వింటోంది.

కాగితంలో పాతమాటే ఉంది. మీట నొక్కిన తరువాత ఉన్నచోటే ఉండవలెను. రోజారమణి దాన్ని మడిచి పక్కన పెట్టింది.

“ఇంజను ఆగితే మీట నొక్కండి” అంది. “నొక్కి, గాలి చూసుకోని గట్టుకొచ్చెయ్యండి. తార్పాలు కట్టండి, తెడ్లెయ్యండి, ఏదో ఒకటి చెయ్యండి. మేం వస్తామని మాత్రం ఉండబాకండి.”