గార్వే రత్నం

నాన్న పోయి వారమవుతున్నా షారన్‌కి ఏడుపు రాలేదు. కూతురై ఉండి ఏడవకపోతే బాగుండదని ప్రయత్నించింది కూడా. కళ్ళు మండాయి తప్ప తడవలేదు. పళ్ళ డాక్టరు సూది వేసిన దవడలా మనసంతా మొద్దుబారిపోయింది.

రత్నరాజు సిడ్నీకి దేశం అవతలి తీరాన, కానింగ్ వేల్‌లో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజరు. మధ్యాహ్నం టీ తాగుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అప్పట్నుంచి హారిస్‌డేల్‌లో వాళ్ళింటికి జనం వస్తూనే ఉన్నారు. తెలుగు క్రైస్తవ సహవాసం వాళ్ళు మంచివాళ్ళే, కాదనడానికి లేదు. ఫ్రిజ్ తలుపు పడనన్ని బిర్యానీ ట్రేలు తెచ్చారు. ప్రతి ఆంటీ భుజం మీద చెయ్యేసి "బీ స్ట్రాంగ్ నాన్నా" అంది. షారన్ అందరికీ థాంక్యూ చెప్పింది. మధ్యలో యూనివర్సిటీకి వెళ్ళింది. గడువు పెంచుతానని లెక్చరర్ చెబుతున్నా వినకుండా హిస్టరీ వ్యాసం ఇచ్చేసి వచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

శనివారం జ్ఞాపకార్థ కూటం. పాటలకీ వాక్యానికీ మధ్య పోయినవారి జీవితచరిత్ర చదవడం మన సంఘాల్లో ఆనవాయితీ. పిల్లల్లో పెద్దవాళ్ళు చదవాలి, ముందుగా సంఘపెద్దకి చూపించాలి. ఫలానా ఊళ్ళో గౌరవనీయమైన కుటుంబంలో, దైవభక్తిగల తల్లిదండ్రులకు జన్మించారని మొదలై, ప్రభువునందు నిద్రించారని ముగుస్తుంది. మధ్యలో చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. చచ్చిపోయినవాళ్ళంతా ఒకే మనిషేమో అనిపించేలా ఉంటాయవి.

ఒక్కతే కూతురు కాబట్టి రాయడమూ చదవడమూ షారన్ మీదే పడ్డాయి. రాసింది చూడడానికి సంఘపెద్ద రాజారావు ఇంటికొచ్చాడు. రెండో వాక్యం దగ్గరే కళ్ళజోడు తీసేశాడు.

"మాలపల్లె అని ఎందుకమ్మా? ఊరి పేరు సరిపోద్ది కదా. క్రీస్తులో మనకవన్నీ లేవు."

"లేకపోతే చెప్పడానికేం అంకుల్?"

రాజారావు నవ్వబోయి ఆగాడు. "ఈ హాస్టల్ గొడవ, ఈ గార్వే ఎవరో ఆయన... కూటానికి అన్ని రకాల వాళ్ళూ వస్తారు. కొంచెం షార్ట్ చెయ్యి," అని టీ తాగి వెళ్ళిపోయాడు.

గార్వే ఎవరో షారన్‌కి బడి ఈడు నుంచీ తెలుసు. స్కూల్‌కి దింపేటప్పుడు కారులో నాన్న చెప్పే కథలన్నీ ఆయనవే. జమైకాలో పుట్టాడు, నల్లవాళ్ళ కోసం పెద్ద సంఘం కట్టాడు, వాళ్ళ సొంత ఓడల కంపెనీ పెట్టాడు. "ఆ కంపెనీ మునిగిపోయింది కదా నాన్నా?" అంటే, "మునిగితే మునిగింది. మేమూ ఎక్కుతాం అని లేచిన జనం ఉన్నారు కదే," అనేవాడు. గుంటూరు హాస్టల్లో తనని గార్వే రత్నం అనేవారని చెప్పి మురిసిపోయేవాడు. ఈకల టోపీ పెట్టుకున్న గార్వే ఫొటో హాల్లో ఉండేది. ఒకసారి సహవాసం వాళ్ళు భోజనానికొచ్చి ఆయనెవరని అడిగితే, "ఏమో, అద్దింటితో పాటు వచ్చింది," అన్నాడు నాన్న. మర్నాటికి గోడ మీద ఫొటో లేదు. కారులో కథలు మాత్రం ఆగలేదు. చిన్నపిల్లకి అందులో తప్పేమీ తోచలేదు గానీ, పెద్దయ్యాక ఆ మాట తలుచుకుంటే తల కొట్టేసినట్టుండేది.

రాజారావు కారు కదిలాక అమృతం కూతురి ఎదురుగా కూర్చుంది.

"తీసెయ్యవే. ఇన్నేళ్ళూ ఆయన దాచుకున్నది నువ్వు మైకులో చెప్తావా?"

"దాచుకోలేదమ్మా, హీ వాజ్ స్కేర్డ్."

"ఏదైతే ఏం? ఆయన ఇష్టం అది. నువ్వు చదివేసి యూనికి పోతావ్. రేపట్నుంచి ఒంటరిగా ఆ చర్చిలో కూర్చోవాల్సింది నేను."

అమ్మ మాటలో న్యాయం ఉంది. షారన్‌కి అదీ తెలుస్తోంది, కానీ తెలిసినది ఎక్కడా తగలడం లేదు. సరేనంది. పల్లెని తీసేసింది, గార్వేని తీసేసింది. మిగిలింది చూస్తే ఎవరికైనా సరిపోయే జీవితం. పక్కింటాయన పోయినా చదవొచ్చు.

శనివారం హాలు నిండింది. తెల్లచీరల్లో ఆంటీలు, ముందు వరసలో అమ్మ. పాట అయ్యాక షారన్ మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. "మా నాన్నగారు గుంటూరు జిల్లాలో గౌరవనీయమైన కుటుంబంలో" దాకా చదివి ఆగిపోయింది. గౌరవనీయమైన కుటుంబమే కదా. కాదన్నదెవరు? నాన్నని ఇప్పుడు మైకు సాక్షిగా ఇంకోసారి అద్దింటి ఫొటోని చెయ్యబోతున్నానని తోచింది. కాగితం దించేసింది.

"గౌరవనీయమైన కుటుంబంలో, మాలపల్లెలో పుట్టారు," అంది.

ఎవరిదో కుర్చీ కిర్రుమంది.

"హాస్టల్లో మా నాన్న ఒక సంఘం పెట్టారు. వాళ్ళకి దారి చూపించింది గార్వే. ఆయన నల్లజాతి లీడర్. మనకీ చరిత్ర ఉంది, తలెత్తుకోండి అని తనవాళ్ళకి చెప్పాడు. జైల్లో పెట్టారు, అమెరికా నుంచి పంపించేశారు, లండన్‌లో చనిపోయాడు. కానీ ఆయన మాటలు షిప్స్‌లో పనిచేసేవాళ్ళ నోటి మీద సిడ్నీ రేవుకి వచ్చాయి. అక్కడి ఆదివాసీ కూలీలు విని సంఘం కట్టుకున్నారు. మా నాన్న గుంటూరులో విన్నారు. ఇక్కడికొచ్చాక బయటికి చెప్పడానికి భయపడ్డారు. నాకు మాత్రం చెప్పారు."

తర్వాత ఉద్యోగం, పెళ్ళి చదివి కూర్చుంది. రాజారావు తన బూట్లకేసి చూసుకుంటూ ప్రార్థన చేశాడు. ఆకాశమేమీ ఊడిపడలేదు. భోజనాల దగ్గర కొందరు తిన్నారు, కొందరికి ఉన్నట్టుండి డ్యూటీ షిఫ్టులు గుర్తొచ్చాయి. వారమంతా భుజం మీద చెయ్యేసిన ఆంటీలలో ఇద్దరు దూరం నుంచే చెయ్యూపి వెళ్ళిపోయారు. షారన్ చూసింది. దానికీ ఏమీ అనిపించలేదు.

ఇంటికి తిరిగొస్తూ షారన్ కారు నడుపుతుంటే, అమృతం పక్కన బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సారీ అమ్మా," అంది షారన్.

"తప్పు చదివావు."

"తీసేద్దామనే అనుకున్నా, బట్..."

"అది కాదే. సంఘం మీ నాన్న పెట్టాడన్నావు చూడు, అది తప్పు. పెట్టింది నేను. మా లేడీస్ హాస్టల్లో. కళావతి మేడమని మా ఇంగ్లీషు లెక్చరర్, గార్వే గురించి నాకు ఆవిడ చెప్పింది. నేను మీటింగుల్లో చెప్పేదాన్ని. మీ నాన్న వెనక వరసలో కూర్చుని విని, వాళ్ళ హాస్టల్‌కి పోయి అదంతా మళ్ళీ చెప్పేవాడు. అందుకే ఎగతాళికి గార్వే రత్నం అన్నారు."

"మరి నాన్న ఎప్పుడూ నీ పేరు..."

"నేనే చెప్పొద్దన్నా. వచ్చిన కొత్తల్లో, అప్పుడు వెళ్ళే వేరే చర్చిలో ఒకావిడ మీరు ఊళ్ళో ఎక్కడుండేవాళ్ళని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పా. ఆ ఆదివారం అక్కడి భోజనాలకి నేను పట్టుకెళ్ళిన కోడికూర ఒక్కళ్ళూ ముట్టలేదు. ఇంటికి తెచ్చుకుని మేమిద్దరమే తిన్నాం. మీ నాన్న గొడవ పడతానన్నాడు. చంటిదాన్ని పెట్టుకుని మనకెందుకు, నోరు మూసుకో అన్నా. భయం ఆయనది కాదే, నాది."

ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, అమ్మ కాలేజీలో ఏం చేసిందని ఒక్కసారి కూడా తను అడగలేదు. వంట బాగుందంది, బట్టలు ఎక్కడున్నాయంది, అంతే. షారన్‌కి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెంపలు కాలిపోయేంత సిగ్గు. కారు పక్కకి తీసి ఆపింది.

"ఆపావేం?"

"నీది చెప్పమ్మా. మొదట్నుంచి."

"ఇప్పుడెందుకు? నేను పోయాక ఎలాగూ చదువుతావుగా."

"అప్పుడు ఎవర్ని అడగను?"

అమృతం కూతురి మొహంలోకి చూసి, ఒళ్ళో బైబిలు తీసి ముందు అరలో పెట్టింది. గొంతు సవరించుకుంది.

"నేను తెనాలి దగ్గర," అంది, "గౌరవనీయమైన కుటుంబంలో, మాలపల్లెలో పుట్టాను."