రెబెకా తెచ్చిన చాయ్

అయిజలో మా విత్తనాల కంపెనీ ఆఫీసులో అందరికీ కుర్చీలు, నాకు మాత్రం మెట్ల కింద ఓ స్టూలు. దాని మీద కూర్చున్నది కూడా తక్కువే. నేను అటెండర్‌ని. చాయ్, మంచినీళ్ళు, ఫైళ్ళు, ఎవరు గంట కొట్టినా పైకీ కిందికీ తిరిగేది నేనే. కాళ్ళు పీకేవి. అయినా ఈ కొలువు దొరికాకే నేనూ మా ఆయన మాసయ్యా కూలికి పుణెకు వలస పోవడం మానుకున్నాం. అందుకే ఆ మెట్లను ఎన్నడూ తిట్టుకోలేదు.

ఓ రోజు మీటింగులో మేనేజర్ సుదర్శన్ సారు, కూర్చుని కూర్చుని అందరికీ షుగర్లు వస్తున్నాయనీ, ఇక నుంచి లేచి నడవాలనీ చెప్పాడు. లెక్కలు చూసే రెబెకా గబుక్కున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మా ఎస్తేరక్కను చూడుండ్రి సార్! ఒక్క గోలీ మింగదు. మనం గూడ గిట్లనే తిరగాలె."

అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గేసింది, లోపల పొంగిపోయాను కూడా. రెబెకా మా చర్చి పిల్ల. కొలువులో చేరిన కొత్తలో భయపడి ఏడుస్తుంటే, నా టిఫిన్‌లో సగం పెట్టి ఊరుకోబెట్టింది నేనే.

మర్నాటి నుంచి ఎవరి నీళ్ళు వాళ్ళే తెచ్చుకున్నారు, ఎవరి ఫైళ్ళు వాళ్ళే మోసుకున్నారు. ఎవరైనా బద్ధకించి గంట కొడితే, "లెవ్వు సారూ, జర పొట్ట తగ్గాలె" అని నేనే వెక్కిరించి లేపేదాన్ని. నా కాళ్ళకు ఇన్నాళ్ళకు సుఖం దొరికిందని సంబరపడ్డాను. ఎంత తిక్కదాన్నో!

నెలాఖరున నేను స్టూలు మీద కూర్చుని ఉంటే, రెబెకా చాయ్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. ఈ ఆఫీసులో నాకు ఒకరు చాయ్ తెచ్చివ్వడం అదే మొదలు. మురిసిపోయి అందుకున్నాను.

"అక్కా, ఏమనుకోకు. వచ్చే నెల నుంచి నువ్వు రావద్దంటుండు సారు. పనేం లేదు గదా అని."

"పని లేదని సారుకెవరు చెప్పిండ్రే?"

రెబెకా తల వంచుకుంది. "ఒకరిని తీసెయ్యాలన్నడక్కా. ఆఖరుకు చేరింది నేనే గదా, నన్నే తీస్తుండె. అందరం నడిచి ఎవరి పని వాళ్ళు చేసుకుంటే అటెండర్ అక్కరుండదని నేనే చెప్పిన."

"ఎప్పుడు?"

"మీటింగుకు ముందు."

నా ఒళ్ళంతా మండిపోయింది. అంటే, చప్పట్ల మధ్య నా చెయ్యి పట్టుకున్ననాటికే నన్ను అమ్మేసింది. వేరే ఎవరు చేసినా ఏడ్చి ఊరుకునేదాన్ని. నా చేతి అన్నం తిన్న పిల్ల చేసింది.

పైన ఎవరో పాత అలవాటుకొద్దీ గంట కొట్టారు. నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. గట్టిగా కూర్చున్నాను. చాయ్ గ్లాసు తిరిగి రెబెకా చేతిలో పెట్టాను.

"నడువు," అన్నాను. "నిన్నే పిలుస్తుండ్రు."