తాడు మీద చోటు

పొద్దున్నే భర్త డ్యూటీకి వెళ్ళగానే కొత్తావిడ బట్టలు నానబెట్టేది. ఆ నగరానికి వచ్చి నెలలు గడిచినా, బస్సు డిపో క్వార్టర్సులో ఆవిడ పేరు కొత్తావిడే. పాత ఊళ్ళో డిపో మూసేసి డ్రైవరైన ఆమె భర్తని ఇక్కడికి బదిలీ చేశారు. రెండు గదులు, ఒక కిటికీ, పైన అందరికీ కలిపి ఒక డాబా. డాబా మీద ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు కట్టి ఉండేవి. వాటి మీద పిట్టలు తప్ప ఏమీ ఉండేవి కావు.

వచ్చిన కొత్తలో తడిబట్టల బకెట్టుతో పైకి వెళ్ళబోతుంటే, ఎదురింటి టైమ్‌కీపర్ భార్య మెట్లకి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడికి?"

"డాబా మీదకండీ. ఎండ బాగుంది కదా అని."

"ఎండకేం, బాగానే ఉంటుంది. ఇక్కడ పైన ఎవరూ ఆరేయరు. ఉప్పునీళ్ళలో నానబెట్టి, తలుపేసుకుని లోపలే ఆరేసుకో. మీ ఊళ్ళో ఏం చేసేవారో నాకు తెలీదుగానీ."

పాత ఊళ్ళో అందరూ ఒకే తాడు మీద ఆరేసేవారు. బట్టలన్నాక ఆరేటప్పుడు మాట్లాడతాయి కదా, ఒంటి మీదున్నప్పుడు మనిషి అన్న మాటలన్నీ మనిషి గొంతుతోనే అప్పజెబుతాయి. ఎండ ముదిరేసరికి ఒక చొక్కా ఇప్పుడు ఏలుతున్న పెద్దాయన్ని తిడితే, పక్క చొక్కా అంతకుముందు ఏలిన పెద్దాయన్ని తిట్టేది. ఏ కోడలి బట్టలో అత్తగారి గురించి నోరు జారితే, ఆ కోడలు పరుగున వచ్చి తడిగా ఉండగానే లాక్కుపోయేది. అందరూ నవ్వేవారు. సాయంత్రం బట్టలతోపాటు తగువులూ మడతపెట్టేసేవారు.

ఇక్కడ ఉప్పునీళ్ళు మాటల్ని చంపేసేవి, రంగుల్నీ చంపేసేవి. అందుకే అందరి బట్టలూ ఒకటే వెలిసిన రంగు. మొదట్లో పేదరికం అనుకుంది ఆవిడ. కాదు, జాగ్రత్త. బస్సుల మీద, డిపో గోడ మీద, ఆఖరికి నీళ్ళ ట్యాంకు మీద కూడా పెద్దాయన బొమ్మ నవ్వుతూ ఉండేది. ఆ బొమ్మ కింద నిలబడి జనం వానల గురించి మాట్లాడుకునేవారు. పాత ఊళ్ళో పొద్దున తిట్టుకున్నవాళ్ళే సాయంత్రం ఒకరింట్లో ఒకరు తినేవారు. ఇక్కడ ఎవరూ ఎవరినీ తిట్టరు, ఒకరి గడప ఒకరు తొక్కరు. ఇందులో ఏది మంచి పరిపాలనో ఆవిడకి తేలలేదు. అడిగితే నవ్వుతారని అడగలేదు. తనూ ఉప్పు కొనుక్కుంది.

ఇంతలో డ్యూటీ గంటలు పెంచారు. డ్రైవర్లు గుట్టుగా సమ్మె అనుకున్నారు. అనుకున్నారో లేదో, ముందు నడిచినవాళ్ళ ఉద్యోగాలు పోయాయి. ఎవరో మేనేజరుకి పేర్లు అందించారు. ఎవరంటే, అందరి కళ్ళూ కొత్తాయన మీదే పడ్డాయి.

"వచ్చిన దగ్గర్నుంచీ మనిషి నోరు విప్పడు," అన్నాడు మీసాల కండక్టరు, ఆయనకి వినబడేలాగానే. "నోరు విప్పనివాడికి చెవులు పెద్దవిగా ఉంటాయి."

టీ దగ్గర ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. బ్రేకులు జారుతున్నాయి చూడండయ్యా అంటే, మెకానిక్కులు తర్వాత చూస్తామన్నారు. ఆ 'తర్వాత' రానేలేదు. రోజూ ఆ బండిలోనే జనాన్ని ఎక్కించుకుని వాలు దిగి వస్తున్నాడాయన. బ్రేకు తొక్కీ తొక్కీ, ఇంటికి వచ్చాక కూడా కుడికాలు లాగేస్తూనే ఉండేది.

"మీ ఆయన్ని మేనేజరు గదిలోకి పిలిచాడటగా?" అంది టైమ్‌కీపర్ భార్య. "తలుపేసి మరీ మాట్లాడారట. వాళ్ళ ఉద్యోగాలు పోయింది ఆ మర్నాడే."

కొత్తావిడ భర్తని అడిగింది. "మేనేజరు ఏమడిగాడు?"

"ఏం లేదు. భోజనం పెట్టు."

ఆవిడ భోజనం పెట్టింది. అనుమానం మాత్రం పళ్ళెం పక్కనే కూర్చుంది.

మేనేజరు పిలిచిన రోజు భర్త తొడుక్కున్న చొక్కా చంక దగ్గర చిరిగితే, కుట్టి ఉతుకుదామని పక్కన పెట్టింది ఆవిడ. ఇంకా నీళ్ళు తగల్లేదు. లోపల ఆరేస్తే తనొక్కతే వినొచ్చు. మంచి మాటే వినబడి పైకి తీసుకెళ్తే, ముందే విని, ఏరుకుని తెచ్చిందంటారు. చెడ్డ మాటైతే, ఉప్పు డబ్బా చేతికందే దూరంలోనే ఉంది. అంత దగ్గర్లో ఉప్పు పెట్టుకుని వినడానికి ఆవిడకి తన మీదే నమ్మకం లేకపోయింది.

సెలవు రోజు, ఎండ నడినెత్తికి వచ్చి అందరూ ఇళ్ళలో ఉన్న వేళ, బకెట్టు ఎత్తుకుంది. గుమ్మంలో భర్త ఎదురయ్యాడు.

"ఏ చొక్కా అది?"

"ఆ రోజుది."

"ఉప్పులో వేశావా?"

"లేదు."

ఆయన బకెట్టు వైపు చూశాడు. ఆవిడ వైపు చూశాడు. పక్కకి జరిగాడు. ఆ జరగడం ధైర్యమో, ఇంక దాచలేకనో ఆవిడకి అర్థం కాలేదు.

తాడు మీద చొక్కా వేసి క్లిప్పు పెట్టింది. కింద కిటికీలు రవ్వంత తెరుచుకున్నాయి. నీళ్ళు కారుతున్నంతసేపూ చొక్కా ఊరుకుంది. తర్వాత గొంతు సవరించుకుంది.

"పిలిచారా సార్." కాసేపు గాలి. "ఇల్లు బానే ఉంది సార్." మళ్ళీ గాలి. "నాకెవరి పేర్లూ తెలీవు సార్."

ఈసారి మేనేజరు చాలానే మాట్లాడినట్టుంది. ఆవిడ తాడు పట్టుకుని నిలబడింది.

"తెలిసినా చెప్పలేను సార్. మా ఊళ్ళో అందరి బట్టలూ ఒకే తాడు మీద ఆరేవి. నాకు ఇలాంటివి చేతకావు. మీరేం చేసుకున్నా సరే."

ఆఖర్న, ఎవరితోనో కాదు, తనలో తను గొణుక్కున్నట్టు: "ఇంట్లో చెప్పకూడదు. పిచ్చిది, హడలిపోతుంది."

మర్నాడు ఆయన డిపోకి వెళ్ళేసరికి బండి కింద నుంచి మెకానిక్కుల కాళ్ళు బయటికి కనబడుతున్నాయి. మీసాల కండక్టరు మొహం చూడకుండానే టీ గ్లాసు ఇటు జరిపాడు. "చల్లారిపోతోంది, తాగు."

ఆ వారంలోనే డాబా మీద కండక్టరు చొక్కా వెలిసింది. పెద్దాయన్ని తిట్టింది, డ్యూటీ గంటల్ని తిట్టింది, 'ఆ కొత్తాడే చెప్పుంటాడు' అని అరిచింది. కింద కండక్టరు మీసం గోక్కుంటూ దిక్కులు చూశాడు. తర్వాత దుప్పట్లు వచ్చాయి, పిల్లల జేబురుమాళ్ళు వచ్చాయి. పిట్టలకి చోటు లేకుండా పోయింది. ఒక్క ఇంటి బట్టలు మాత్రం రాలేదు. ఆ ఇంటి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఒక మధ్యాహ్నం టైమ్‌కీపర్ భార్య గుమ్మంలోకి వచ్చింది. ఒక చేతిలో గిన్నె, ఇంకో చేతిలో బకెట్టు. బకెట్టులో ఒకటే చొక్కా, వాళ్ళాయనది.

"వదినా, కాస్త ఉప్పుంటే ఇస్తావా? కొట్టువాడు తెప్పించడం మానేశాడట." ఆవిడ వదినా అని పిలవడం అదే మొదలు.

"అది ఏమంటుందో నువ్వు విన్నావా?"

"లేదు. వినాలంటే భయంగా ఉంది."

"నాకూ అలాగే ఉండింది."

గూట్లో సగం డబ్బా ఉప్పుంది. కొత్తావిడ దానికి అడ్డంగా నిలబడింది.

"ఉప్పు లేదు వదినా. తాడు మీద చోటుంది."

టైమ్‌కీపర్ భార్య గిన్నెని గడప మీద పెట్టి వెనక్కి తిరిగింది. కొత్తావిడ ఎదురింటి తలుపు చప్పుడు కోసం చెవి ఒగ్గింది. తలుపు చప్పుడు కాలేదు. బకెట్టు పిడి కిర్రుమంటూ డాబా మెట్లు ఎక్కసాగింది.