ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు

పళ్ళ మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పంటి డాక్టర్లు అచ్చులు తీసి పంపిస్తే, సన్నటి కుంచెతో పింగాణీ ముద్దను పొరలు పొరలుగా అద్ది, చిన్న కరెంటు కొలిమిలో కాల్చి, పక్క పన్నుకు తోబుట్టువులా ఉండే పన్ను తయారుచేసి ఇస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అసలు పేరు ఏమిటో ఇంట్లోవాళ్ళకూ, కాగితాలకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. పిలవడానికి 'మేస్త్రిగారూ' సరిపోతున్నప్పుడు ఇంకో పేరుతో పనేముంది?

మూడు నెలల కిందట ఆయన ఇల్లు మారాడు. మారాడంటే ఎక్కడికో కాదు. నాలుగో అంతస్తులో ఉన్న ఇంట్లోంచి దిగి, వీధి దాటి, ఎదురుగా ఉన్న కింది వాటాలోకి వచ్చాడు. అత్తగారు మోకాళ్ళ నొప్పులు ముదిరి, మెట్లెక్కడం మానేసి ఏడాదిగా కిటికీలోంచే లోకం చూస్తోంది. సామాను బండి కూడా మాట్లాడుకోలేదు. మంచాలూ బీరువా పనిబల్లా మోసుకుని వీధి దాటారు. ఆఖరి విడతలో అత్తగారిని కుర్చీతో సహా దించారు. పాత ఇంటి వంటగది కిటికీ కొత్త ఇంటి గుమ్మంలోంచి ఇప్పటికీ కనిపిస్తుంది.

కొత్త ఇంట్లో అంతా బాగానే కుదురుకుంటోందనగా కొలిమి చచ్చిపోయింది. ఒకనాటి పొద్దున మీట నొక్కితే చిన్న టిక్కుమన్న చప్పుడు తప్ప వేడి లేదు. బాగుచేసేవాడు వచ్చి, విప్పి, చూసి, రోగి మంచం దగ్గర డాక్టరు తలాడించినట్టు తలాడించాడు. అప్పటికి ఆరు పళ్ళు చేతిలో ఉన్నాయి. వాటిలో మూడు ఒకే నోటివి, ముందు పళ్ళు.

పంటి సామాన్ల కొట్టువాడు పాత స్నేహితుడు. మేస్త్రి వెళ్ళి కొత్త కొలిమి ఎంచుకున్నాడు. కొట్టువాడే ఉత్సాహంగా వాయిదాల కాగితం నింపాడు. కంప్యూటర్‌లో ఏవేవో కొట్టాడు. అంతలో మొహం మారిపోయింది. మళ్ళీ కొట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి కొట్టాడు.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

"ఒప్పుకోవడం లేదు మేస్త్రిగారూ."

"ఏది ఒప్పుకోవడం లేదు? మిషనా?"

"మిమ్మల్ని." కొట్టువాడు నీళ్ళు నమిలాడు. "అప్పు ఇవ్వకూడదంటోంది. ఎందుకో చెప్పదు. మాకు అవుననో కాదనో వస్తుందంతే. మీరేమీ అనుకోకండి."

మేస్త్రి ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ముందు అర్థం కావాలి కదా. జీవితంలో రెండుసార్లు వాయిదాల మీద అప్పు తీసుకున్నాడు. రెండూ గడువుకు ముందే తీర్చాడు. ఆఖరి వాయిదా కట్టినప్పుడు బ్యాంకులో ఆ పెద్దమనిషి లేచి చెయ్యి కలిపాడు. అటువంటి తనను కాదనడం ఏమిటి? తోవంతా ఆలోచిస్తూ నడిచి, అలవాటుగా పాత ఇంటివైపు తిరిగి, రెండు మెట్లెక్కాక గుర్తొచ్చి దిగాడు.

భార్య సంగతి విని చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"నిజం చెప్పండి. మా తమ్ముడికి హామీ సంతకం పెట్టారా?"

"నేనెక్కడ పెట్టానే?"

"వాడు అడిగితే మీరు కాదనలేరు. కిందటేడు సైకిలు ఇచ్చారు, ఇంతవరకూ తిరిగి రాలేదు."

"సైకిలుకు సంతకం పెట్టరు."

"మరి ఊరికే ఎందుకు కాదంటారు? మనకు తెలియకుండా మీరు ఏదో చేసి ఉండాలి."

"నాకు తెలియకుండా నేనెలా చేస్తాను?" అన్నాడు గానీ, ఆ రాత్రి నిద్ర పట్టక, పాతికేళ్ళలో తాను ఎక్కడెక్కడ సంతకాలు పెట్టాడో వరసపెట్టి తలచుకున్నాడు. ఏ తప్పూ చేయలేదని తెలుసు. అయినా ఏదో చేసినట్టే ఉంది. మనసంతా చిక్కుపడిన దారపు ఉండలా తయారైంది.

మర్నాడు బ్యాంకుకు వెళ్ళాడు. చెయ్యి కలిపిన పెద్దమనిషి ఉద్యోగం విరమించాడట. ఆ కుర్చీలో ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ ఉంది. కాగితాలు చూసింది, తెర చూసింది, మేస్త్రిని చూసింది, మళ్ళీ తెర చూసింది.

"ఈ ఖాతా మీదేనా?"

"నాదేనమ్మా."

"మరి... ఈయన ఆచూకీ లేదని ఉందండీ."

"ఎవరి ఆచూకీ?"

"మీదే. చిరునామాలో లేరు, ఎక్కడికి వెళ్ళారో తెలియదు అని రాసి ఉంది. పంపిన ఉత్తరాలు మూడు వెనక్కి వచ్చాయి. ఇంటి ఫోనుకు చేస్తే పనిచేయడం లేదు. అటువంటివాళ్ళ పేరు, అప్పు ఇచ్చేముందు చూసుకోమని, మేము పై ఆఫీసుకు పంపిస్తాం. అక్కడినుంచి అన్ని కొట్లకూ తెలుస్తుంది."

మేస్త్రికి తల తిరిగిపోయింది. "నేను ఎక్కడికీ పోలేదమ్మా! వీధి దాటానంతే. రోజూ మీ బ్యాంకు ముందునుంచే నడుస్తాను. మీ కాపలా ఆయన నాకు దణ్ణం పెడతాడు."

"మరి చిరునామా మారిందని మాకు చెప్పారా?"

మేస్త్రి తల గోక్కున్నాడు. కరెంటు ఆఫీసుకు చెప్పాడు. డాక్టర్లందరికీ చెప్పాడు. పాలవాడికి చెప్పాడు. ఇంటి ఫోను తీసేయమని కూడా చెప్పాడు. బ్యాంకుకు? రోజూ కళ్ళెదుట తిరుగుతున్నవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలని తట్టలేదు.

"పోనీ, ఆ ఉత్తరాలు ఎందుకు వెనక్కి వచ్చాయి? పాత ఇంటి పెట్టెలో పడి ఉండాలిగా."

ఆఫీసరమ్మ సొరుగులోంచి ఒక కవరు తీసి చూపించింది. మేస్త్రి పేరు మీద ఒక గీత, కింద గుండ్రటి ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక వాక్యం: 'ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు. దయచేసి పంపినవారికి చేర్చగలరు.' పక్కన తేదీ కూడా వేసి ఉంది.

ఆ అక్షరాలు ఎవరివో మేస్త్రికి తెలియదు. కానీ పాత ఇంట్లో ఇప్పుడు ఎవరుంటున్నారో తెలుసు. లైబ్రరీలో పనిచేసే అమ్మాయి ఒంటరిగా ఉంటోంది. ఎంతో మర్యాదస్తురాలు. పొద్దున్నే పనికి వెళ్తూ అత్తగారిని 'అమ్మమ్మగారూ' అని పలకరిస్తుంది. కిటికీలోంచి మేస్త్రికి చెయ్యి ఊపుతుంది. పోయిన వారం వాళ్ళింటి కుళాయి కారుతుంటే మేస్త్రే వెళ్ళి బిగించి వచ్చాడు. అటువంటి పిల్ల తన ఉత్తరాల మీద తాను లేనని ఎందుకు రాస్తుంది? ఏం పగ ఉంది? లేక కుళాయి సరిగ్గా బిగించలేదా?

నాలుగు అంతస్తులూ ఎక్కాడు. ఎక్కుతున్నంతసేపూ కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ, మూడో అంతస్తుకు వచ్చేసరికి ఆయాసం తప్ప ఏమీ మిగల్లేదు.

"రండి మేస్త్రిగారూ!" అంది తలుపు తీసిన అమ్మాయి. "అమ్మమ్మగారు కులాసానా?"

లోపల తన పనిబల్ల ఉన్నచోట పుస్తకాల అర ఉంది. గోడమీద, పింగాణీ పొడి తడిచేత్తో తుడిచిన మరక మాత్రం అలాగే ఉంది. ఆ మరకను చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మా, ఈ ఇంటికి ఉత్తరాలు వస్తుంటాయా? మీవి కానివి?"

"అబ్బో, అడక్కండి!" అమ్మాయి ముఖం వెలిగింది. "ఎవరో ముందు ఉన్నాయనవి. బ్యాంకు నుంచి కూడా వస్తాయి. పాపం ఎక్కడున్నాడో ఏమో. నేను ఒక్కటి కూడా దగ్గర పెట్టుకోనండీ. వచ్చిన రోజే రాసి, పోస్టు డబ్బాలో వేసేస్తాను. పరాయి కాగితం ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. మా పనే అది కదా, ఎక్కడిది అక్కడికి చేర్చడం."

"ఆ ముందు ఉన్నాయన నేనేనమ్మా."

అమ్మాయి నవ్వింది. "మీరు ఉండేవారని తెలుసండీ. ఆ పేరాయన మీకంటే ముందు అనుకున్నాను."

"ఆ పేరాయన కూడా నేనే."

"అంటే... మీ పేరు మేస్త్రి కాదా?"

"మేస్త్రి అని ఎవరైనా పేరు పెడతారా తల్లీ?" అని, మూడు ఉత్తరాలు తిరిగొచ్చి బ్యాంకు తనను ఆచూకీ లేనివాడిగా రాసుకున్న సంగతి చెప్పాడు.

అమ్మాయి నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది. ఒక చేత్తో నోరు మూసుకుంది. "అందరూ మేస్త్రిగారూ అనే పిలుస్తారు. అమ్మమ్మగారు కూడా 'మా మేస్త్రి' అనే అంటారు. మిమ్మల్ని పేరు అడగడం బాగుండదని... అయ్యో! మూడే కాదు, అన్నీ కలిపి ఆరో ఏడో అయి ఉంటాయి." ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి. "ఎదురింట్లో ఉన్న మనిషిని నేను కాగితం మీద లేకుండా చేసేశాను."

అడగడానికి వచ్చిన మేస్త్రి ఓదార్చడంలో పడ్డాడు. "నువ్వు చేసింది మంచిపనే. ఇంకెవరైనా అయితే చెత్తబుట్టలో వేసేవాళ్ళు" అన్నాడు. అన్నాక, చెత్తబుట్టలో వేసి ఉంటే ఈ గొడవే ఉండేది కాదని తట్టింది. మంచిపని చేసినందుకు ఇలా అయిందా, చేయకపోతే బాగుండేదా? ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియని చిక్కు అది. వీధి దాటాడు, అంతే. ఆ అమ్మాయి ఉత్తరం తిప్పి పంపింది, అంతే. బ్యాంకు రాసుకోవలసింది రాసుకుంది. అందరూ తమ పని సవ్యంగా చేస్తే ఒక మనిషి అడ్రసు లేకుండా పోయాడు.

అమ్మాయి మర్నాడు సెలవు పెట్టి మేస్త్రితో పాటు బ్యాంకుకు వచ్చింది. ఆఫీసరమ్మ ముందు నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఈయన ఉన్నారండీ. ఆ రాతలన్నీ నావే. కావాలంటే ఇప్పుడు రాసి చూపిస్తాను, పోల్చుకోండి."

"ఉన్నారని కనిపిస్తూనే ఉంది" అంది ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుంటూ. "కానీ కాగితం కావాలి. ఇంటి యజమాని రాసివ్వాలి, కరెంటు బిల్లు మీ పేరుకు మారాలి, అప్పుడు నేను పైకి రాస్తాను. రెండు వారాలు పట్టొచ్చు."

మూడు వారాలు పట్టింది. ఈలోగా మేస్త్రి కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాడు. ఊరికి ఆ చివర ఇంకో పళ్ళు చేసేవాడు ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు, ఒక డాక్టరు దగ్గర పని ఎవరిదన్న పట్టింపు. ఆయన గుమ్మంలో మేస్త్రి పళ్ళ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన డబ్బా అందుకుని, ముందుపళ్ళ రంగు వెలుతుర్లో చూసి, "కొద్దిగా పసుపు తగ్గించు. మనిషి చిన్నవాడై ఉంటాడు" అని కొలిమి వేడిచేశాడు. మేస్త్రి తగ్గించాడు. చూస్తే ఆయన అన్నదే నిజం.

ఆరు పళ్ళూ అనుకున్న రోజుకి వెళ్ళిపోయాయి. తర్వాత కొట్టువాడు కబురు పంపాడు, కంప్యూటర్ ఒప్పుకుందని. కొత్త కొలిమి పనిబల్ల మీద కూర్చుంది. సాయంత్రం అత్తగారు కుర్చీ దగ్గరకు జరుపుకుని, కొలిమి తెల్లటి తలుపు నిమిరింది.

"ఇంతకీ ఏమైంది అల్లుడూ? ఎదురింటి అమ్మాయి చెప్తే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

మేస్త్రి మొదలుపెట్టాడు. "మనం ఇల్లు మారాం కదా అత్తయ్యా. ఉత్తరాలు అక్కడికి వెళ్ళాయి. ఆ అమ్మాయి నేను లేనని రాసింది..."

"నువ్వు ఉన్నావుగా."

"ఉన్నాను. నేనే అని తనకు తెలియదు."

"రోజూ మాట్లాడుతుంది, తెలియకపోవడమేమిటి?"

"నేను తెలుసు. పేరు తెలియదు. బ్యాంకుకేమో పేరు తెలుసు, నేను తెలియదు." మేస్త్రి ఆగాడు. చెబుతుంటే తనకే మళ్ళీ తికమకగా ఉంది. ఎక్కడో ఒక మెట్టు తప్పిపోతోంది. ఇంకోసారి మొదటినుంచి ఎత్తుకుందామని నోరు తెరిచాడు.

అత్తగారు చెయ్యెత్తి ఆపింది. "పోనీలే. ఇప్పుడు దొరికావా, లేదా?"

"దొరికాను" అన్నాడు మేస్త్రి, కుంచె నీళ్ళలో ముంచుతూ.