వగ్దీ పట్టిన గీత

వగ్దీ ఊపిరి బిగబట్టి మరను ఆనీ ఆనకుండా తిప్పాడు. సూక్ష్మదర్శిని కింద వెంట్రుకంత గాజు తీగ సిలికాన్ బిళ్ల అంచుకు చేరింది. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు బిళ్లలోని కాలువలో దూరిందని మీటరు ముల్లు లేచి చెప్పింది. కైరోలోని ఆ ప్రయోగశాలలో ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే. పొట్టి మనిషి, మందపు కళ్లద్దాలు, వేళ్లు మాత్రం కంసాలివి. ఏ నివేదికలోనూ ఆయన పేరుండదు. ఈ సాయంత్రంతో ఉద్యోగం సరి.

డాక్టర్ రగ్దా తెర మీదికి వంగింది. ఆమె చేయించిన ఆ వడపోత కాలువ, కార్బన్ డయాక్సైడ్ మింగేసే వెలుగును మాత్రమే ఆపాలి. సరిగ్గా అక్కడే తెర మీది గీత గుంటలా దిగింది.

"చూశావా బాబాయ్! మూడేళ్ల చాకిరీ! రేపు సంస్థ పెద్దల ముందు ఇదే పెడతా."

ఆమె మాట్లాడేకొద్దీ గుంట ఇంకా లోతవడం వగ్దీ చూశాడు. రేపు అందరి ముందూ పిల్ల నవ్వులపాలవుతుంది.

"డాక్టరమ్మా, అది నీ కాలువ పని కాదు. లేజరు నుంచి తీగ దాకా వెలుగు గాలిలోనే కదా నడిచేది? మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడే దాన్ని మింగేస్తోంది."

"పోతూ పోతూ దిష్టి పెట్టకు బాబాయ్!"

"దిష్టా పాడా! బిళ్లను వేడి చేసి చూడు. కాలువదైతే గుంట జరుగుతుంది. గాలిదైతే అక్కడే కూర్చుంటుంది."

వేడి పెంచారు. గుంట కదల్లేదు. రగ్దా కుర్చీలో కూలబడింది.

వగ్దీ వెలుగు దారికి మూత పెట్టి, గాలిని నెట్టేయడానికి లోపలికి నైట్రోజన్ వదిలాడు. గుంట పూడిపోయింది. దానికి కాస్త ఎడమగా, గోటి గీరంత సన్నటి గుంట ఇంకొకటి మిగిలింది. ఆయన వేడి మీట తిప్పాడు. ఆ గుంట కదిలింది.

"నడుస్తోంది బాబాయ్! నడుస్తోంది!"

"నీ బిడ్డ ఇదమ్మా. ఇందాకటిది దొంగది."

అర డిగ్రీ, అర డిగ్రీ చొప్పున జరిపి, దాన్ని ఉండవలసిన చోట నిలబెట్టాడు. ఆయన ఛాతీ ఉప్పొంగింది. డిగ్రీ లేని తన చేతులే ఇవాళ ఈ డాక్టరు పరువు కాపాడాయి.

"నువ్వు లేకపోతే రేపు నా గతేంటి?" అంది రగ్దా.

"ఏముంది, కాస్త తక్కువ మాట్లాడు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. సాయంత్రం కోటు తొడుక్కుని, వాకిట కాపలావాడితో చెయ్యి కలిపి, వగ్దీ మెట్రో వైపు నడిచి వెళ్లిపోయాడు.

పొద్దున రగ్దా పెద్దలను వెంటబెట్టుకుని వచ్చింది. వేడి మీట మీద పెన్సిలుతో రాసిన చిన్న కాగితం అంటించి ఉంది: "ఇరవై ఏడున్నర డిగ్రీలు. ఎవరూ ముట్టుకోవద్దు. ఇట్లు, వగ్దీ."