నలభై రెండో వారం

నేను ఒక పుస్తకాన్ని. అట్ట చూసి నవ్వకండి. ఏ అచ్చాపీసూ నన్ను కనలేదు, ఏ షాపు అద్దాల వెనకా నేను నిలబడలేదు. రేపల్లెలో స్టేషనుకు దగ్గర్లో ఒక పెంకుటింటి వసారాలో కూర్చుని, హైమావతి అనే ఇల్లాలు వారం వారం పత్రికలోంచి సీరియల్ పేజీలు కత్తిరించి, దాచి, దబ్బనంతో కుట్టి నన్ను తయారు చేసింది. ఆ రోజుల్లో నాలాంటివి ప్రతి వీధిలోనూ ఉండేవి. వాటిలో చాలామటుకు ఇప్పుడు లేవు. నేనున్నాను. ఉండి ఏం లాభమో తర్వాత చెబుతాను.

నా అట్ట పట్టుచీర పెట్టెది. నా వెన్నుకి అంటించిన గుడ్డ ఆమె భర్త పానకాలరావు పాత ప్యాంటుది. జిగురు మైదాపిండితో కాచింది. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపింది. అందుకే ఇన్నేళ్ళయినా పురుగు నా జోలికి రాలేదు. మనుషుల సంగతి వేరు, వాళ్ళని ఆపే మందు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

పత్రిక ఒక్కటే, చదివే ఇళ్ళు ఐదు. శుక్రవారం పొద్దున పేపరతను ముందు హైమావతి గుమ్మంలో వేసేవాడు. ఆమె చదివాక పక్కింటి తాయారమ్మకు, అక్కణ్ణుంచి ఇంకో మూడిళ్ళకు తిరిగి, పసుపు వేళ్ళ ముద్రలతో, పులుసు చుక్కలతో మళ్ళీ ఆమె దగ్గరికే చేరేది. కత్తిరించే హక్కు ఆమెది. అంచు చెదరకుండా కత్తిరించే చెయ్యి ఆ వీధిలో ఇంకొకటి లేదు.

నాలో ఉన్న కథ పేరు ‘వంతెన అవతలి ఇల్లు’. వసుంధర అనే గాయని కథ. పెళ్ళయ్యాక మొగుడు ఆమె పాట మాన్పించి, హార్మోనియాన్ని అటకెక్కిస్తాడు. నలభై ఒక్క వారాలు ఓర్చుకుని, చివరికి ఆమె ఇల్లు విడిచి వంతెన మీదికి వస్తుంది. వంతెనకి ఈ కొసన తిరిగి రమ్మని చేతులు జోడించిన మొగుడు, ఆ కొసన రేడియో స్టేషనుకు వెళ్ళే బస్సు. ‘ముగింపు వచ్చేవారం’ అని వేసి పత్రికవాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఆ వారమంతా ఐదిళ్ళలోనూ కూరలు మాడాయి.

“వెళ్ళిపోతుంది వదినా, చూస్తూండు” అంది తాయారమ్మ గోడ మీంచి.

“వెళ్ళనిస్తే గదా రాసేవాడు” అంది హైమావతి.

ఇప్పుడు పానకాలరావు గురించి చెప్పాలి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత మంట ఉండేది కాదు. కాలవల ఆఫీసులో గుమాస్తా, క్రికెట్టంటే ప్రాణం. మ్యాచి ఉన్న రోజు సెలవు పెట్టి, ట్రాన్సిస్టరు ఒళ్ళో పెట్టుకుని, బంతి బంతికీ స్కోరు రాస్తాడు. పరుగు రాకపోతే చుక్క, వస్తే అంకె. అందుకోసం ఆఫీసు తెల్లఠావులు తెచ్చి బీరువా కింద అరలో పేర్చుకుంటాడు. రాసిన కాగితం ఒక్కటీ పారెయ్యడు, కట్టకట్టి దాస్తాడు. దాన్ని ఊళ్ళో అందరూ అభిరుచి అన్నారు. హైమావతి చేసేదాన్ని పనీపాటా లేకపోవడం అన్నారు. ఇద్దరూ చేసింది కాగితాలు దాచుకోవడమే.

ఆ శుక్రవారం రానే వచ్చింది. పత్రికను చూడగానే విప్పేస్తే ఏ గొడవా ఉండేది కాదు. వంట ముగించి స్థిమితంగా చదువుకోవాలని, ఆ సుఖాన్ని కాసేపు దాచుకుందామని, మడత విప్పకుండా కుర్చీలో పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. వసారాలో పానకాలరావుకు ఠావు అయిపోయింది. లేచి బీరువా దాకా వెళ్తే రెండు బంతులు పోతాయి. చెయ్యి చాపితే అందింది పత్రిక. నడిమికి తెరిచాడు. పెద్ద బొమ్మ, చుట్టూ ఖాళీ. ఖాళీ నిండాక అచ్చు మీదికి కూడా ఎక్కాడు. సాయంత్రం ఏదో వాదన తేల్చుకోవడానికి దాన్ని స్నేహితుడింటికి తీసుకెళ్ళాడు. అక్కడెవరో టీ ఒలకబోశారు, ఇంకెవరో దాంతోనే తుడిచారు. వట్టి చేతులతో ఇంటికొచ్చాడు.

“అది కథని చూళ్ళేదా మీరు?” అంది హైమావతి.

“చూశానే. బొమ్మ పక్కన ఖాళీ ఉంది, రాసుకున్నా. అయినా దానికింత రాద్ధాంతమా? కథేగా! చివరికి ఇద్దరూ కలుస్తారు, ఇంకేముంటుంది?”

ఆమె ఆ మర్నాడే స్టేషను బుక్‌స్టాలుకు వెళ్ళింది. అయిపోయాయన్నారు. గ్రంథాలయంలో అడిగితే ఆ పేజీలు అప్పటికే ఎవరో చింపుకుపోయారు. పత్రిక ఆఫీసుకు రాస్తే ‘ప్రతులు లేవు’ అని కార్డు వచ్చింది. అవతల తాయారమ్మ రోజూ గోడ దగ్గరికొచ్చి, “ఏమైంది వదినా, వంతెన దాటిందా?” అని ఒకటే నస.

అప్పుడు హైమావతి నేను ఊహించని పని చేసింది. బీరువా కింది అరలోంచి పన్నెండు తెల్లఠావులు తీసింది. పదకొండు మధ్యాహ్నాలు, గిన్నెలు కడిగిన చెయ్యి తుడుచుకుని, వసారాలో కూర్చుని రాసింది. సిరా అవతలికి దిగుతోందని ఒకవైపే రాసింది. చోటు చాలదని మార్జిన్ వదల్లేదు. రాస్తూ ఒకసారి ఏడ్చింది, ఒకసారి తనలో తనే నవ్వింది.

ఆమె రాసిన ముగింపులో వసుంధర వెనక్కి తిరిగి మొగుణ్ణి ఒక్కటే అడుగుతుంది. “నేను పాడిన పాటల్లో ఏదైనా ఒక్కదాని పల్లవి చెప్పు. ఇంటికొచ్చేస్తాను.” అతను నోరు తెరుస్తాడు. ఒక్కటీ గుర్తు రాదు. పన్నెండేళ్ళ కాపురం. ఆమె కాసేపు నిజంగానే ఎదురుచూస్తుంది, గుర్తొస్తే బాగుండునని కూడా అనుకుంటుంది. తర్వాత బస్సెక్కుతుంది. అంతే. నాలో నలభై ఒక్క వారాల అచ్చు ఉంది, పేరున్న రచయితది. ఒట్టేసి చెబుతున్నాను, ఆ పన్నెండు కాగితాల బరువు దానికి లేదు.

కుట్టేశాక, తాయారమ్మ అడిగితే హైమావతి ఒక అబద్ధం ఆడింది. “బాపట్లలో మా చుట్టాల దగ్గర పత్రిక దొరికింది వదినా. చూసి ఎత్తి రాశా.” ఎందుకాడిందో నాకు తెలుసు. నేనే రాశానంటే నవ్వుతారని భయం. ఆ భయం ఆమెకు ఎవరు నేర్పారో కూడా తెలుసు.

ఇక చూడండి నా వైభవం! ఐదిళ్ళు పదిహేనిళ్ళయ్యాయి. చదివినవాళ్ళు నా అంచుల్లో పెన్సిలుతో రాశారు. తొమ్మిదో వారం పక్కన ‘ఈ అత్తకి పక్షవాతం రావాలి’ అని ఒకావిడ. ముప్ఫయ్యో వారం దగ్గర ‘ఇక్కడ ఏడవకండి, ముందుంది’ అని ఇంకొకావిడ. చివరి కాగితాల మీద మాత్రం రాతలు తక్కువ, తడి ఎక్కువ. సిరా నాలుగైదు చోట్ల అలుక్కుపోయింది. ఒకరు చిన్నగా రాశారు: ‘ఇది చదివి ఆయన్ని అదే ప్రశ్న అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.’ హైమావతి ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకుందో లెక్కలేదు.

“ఎంత బాగా రాశాడమ్మా ఆ మహానుభావుడు! ఆడదాని మనసులో దూరి చూశాడు” అని తాయారమ్మ కళ్ళొత్తుకుంది. ఊరుకుందా? ముగింపును పొగుడుతూ రచయితకు ఉత్తరం కూడా రాసింది. ‘మీ అభిమానానికి కృతజ్ఞతలు’ అని అచ్చేసిన కార్డొకటి వచ్చింది. ఆయన పాపం ఉత్తరం చదివాడో లేదో. ఆ అభిమానం దక్కాల్సింది హైమావతికి. ఆ కార్డును తాయారమ్మే నాలో గుర్తుగా పెట్టి తిరిగిచ్చింది. ఆ రోజు హైమావతి నోటి చివరిదాకా వచ్చింది నిజం. మింగేసింది. మళ్ళీ ఇంకేదీ రాయలేదు.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. టీవీలొచ్చాక నన్ను అడిగేవాళ్ళు తగ్గారు. పానకాలరావు రిటైరై, పొద్దున్నే గ్రంథాలయంలో ఆటల పేజీ చదవడం మొదలెట్టాడు. అక్కడి లైబ్రేరియను పాత సీరియళ్ళు సేకరిస్తున్నాడని తెలిసి, “మనింట్లో ఉందిగా ఒకటి, ఇచ్చేద్దామా?” అన్నాడు.

హైమావతి రెండు రోజులు ఆలోచించి సరేనంది. అందులో ఆమె ఆశ ఆమెకుంది. గ్రంథాలయంలో ఉంటే ఊరంతా చదువుతుంది, అచ్చు పక్కన తన రాత కూడా నిలబడుతుంది. ఈసారి దాచదలుచుకోలేదు. పన్నెండో కాగితం అట్టడుగున, కళ్ళజోడు సర్దుకుని ఒక వరుస రాసింది: ‘ఈ ముగింపు రాసింది రేపల్లె హైమావతి.’ తన పేరు రాయడానికి మనిషికి ఇరవై రెండేళ్ళు పట్టింది. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను, నాకు గుండె లేదనకండి.

పానకాలరావు నన్ను తీసుకెళ్ళాడు. లైబ్రేరియను తిప్పి చూసి, “చివర చేతిరాత ఉంది సార్, అదీ అలుక్కుపోయింది. ఈ నవల తర్వాత పుస్తకంగా వచ్చింది, మా దగ్గరుంది. ముగింపు జెరాక్స్ తీసిస్తాను, అంటించి తెండి” అన్నాడు. ఆ జెరాక్సుతో సహా పానకాలరావు నన్ను తిరిగి ఇంటికి మోసుకొచ్చాడు.

ఆ రోజు కూడా మ్యాచే. టీవీ ముందు కూర్చుని, మొదలయ్యేలోపు బ్లేడుతో ఆ పన్నెండు కాగితాలూ కోసేశాడు. చదవలేదు. ఒక్క వాక్యం కూడా. జెరాక్స్ పేజీలు శ్రద్ధగా అంటించాడు. వాటిలో వసుంధర రేడియోవాళ్ళు రమ్మని పంపిన ఉత్తరం చింపి ఏట్లో పడేసి, మొగుడి కాళ్ళ మీద పడింది. పానకాలరావు ఆనాడు అన్నట్టే ఇద్దరూ కలిశారు. కోసిన కాగితాలు వెనక్కి తిప్పి చూసి, “అరె, మా ఆఫీసు ఠావులే!” అని మురిసిపోయి స్కోరు మొదలెట్టాడు.

హైమావతి కాఫీ తెచ్చింది.

“ఇదిగో హైమా! ఆనాడు పాడు చేశానని ఇన్నేళ్ళు మనసులో పెట్టుకున్నావు గదా. అసలు ముగింపు తెచ్చి అంటించా. ఇప్పుడు సంతోషమేనా?” అన్నాడు. మొహమంతా వెలుగు. నిజంగానే తప్పు దిద్దుకున్నాననుకుంటున్నాడు.

ఆమె నన్ను చూసింది. ఆయన ఒళ్ళో కాగితాలు చూసింది. చుక్క, చుక్క, ఒకటి, నాలుగు.

“అవి నేను రాసినవండీ.”

“తెలుసులే, నీ దస్తూరీ నాకు తెలీదా? చూసి ఎత్తి రాశావుగా.”

“ఎత్తి రాయలేదు. ఆ కథ నాది. చివరి కాగితం తిప్పి చూడండి, నా పేరు...”

“ష్! ఉండవే, ఓవరవనీ.”

ఆమె నిలబడింది. ఆరు బంతులూ అయ్యేదాకా గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. ఓవరు అయింది. ఆయన ఆరో అంకె వేసి, కింద గీత గీసి, తలెత్తాడు.

“ఏదో అంటున్నావు?”

“కాఫీ చల్లారిపోతోంది అన్నాను.”

అదీ జరిగింది. ఆ కాగితాలు ఇప్పుడు ఆయన స్కోరు కట్టలో భద్రంగా ఉండి ఉంటాయి, బోర్లా. నేను గ్రంథాలయంలో గాజుబీరువాలో ఉన్నాను. రిజిస్టరులో నా పేరు పక్కన ‘సంపూర్ణం’ అని ఎర్రసిరాతో రాశారు. అప్పుడప్పుడూ ఎవరో తీస్తారు, చివరిదాకా చదివి ఆవులించి మూసేస్తారు. కొత్త పేజీల మీద ఇంతవరకు ఒక్క తడిచుక్క పడలేదు. హైమావతి ఒక్కసారీ ఇటు రాలేదు.

మార్జిన్ వదలకుండా రాసింది గదా, బ్లేడు వదిలేసిన సన్నటి పేలికలు ఇంకా నా కుట్టులో ఉన్నాయి. వరుసకొక అక్షరం చొప్పున మిగిలింది. చివరి పేలిక అట్టడుగున ‘ఈ’ అని ఉంది. అదేమిటని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.