తొమ్మిది రోజుల పొర

ఇవాళ భానోజీ గాజుగ్లాసులా డ్యూటీకి వస్తాడు. చొక్కా గుండీల వెనక గోడగడియారం కనబడుతుంది, తొమ్మిదీ పది. ఎవరికీ అది వింతగా తోచదు. అతను సంతకం పెట్టి టీ తాగుతాడు. టీ ఎంతవరకు దిగిందో కూడా తెలుస్తుంది.

యశోద మాత్రం తన ఓవెన్ వైపు చూస్తుంది. నీళ్లు వడకట్టే ప్లాస్టిక్ పొరలు చేసే ల్యాబ్ అది. కరిగిన పొరను ఓవెన్‌లో గంటకో డిగ్రీ చొప్పున చల్లార్చడం ఆమె పని. తీరిగ్గా చల్లారితే లోపలి పోగులు చీర కుచ్చిళ్లలా ఒద్దికగా మడతపడి, మందపాటి స్ఫటికాలవుతాయి. పొర పాలలా తెల్లబడుతుంది, ఓ పట్టాన కరగదు. హడావిడిగా చల్లార్చిన పొరలోంచే ఇలా, భానోజీలోంచి లాగా, అవతలిది కనబడుతుంది; అది ఇట్టే కరుగుతుంది.

ఓవెన్‌లో తొమ్మిది రోజుల పొర ఉంది. ఇవాళ అది వేడికి నిలబడితే ఈ గది యశోదది, జారిపోతే భానోజీది. నిన్న పళ్లడాక్టరు దగ్గరికెళుతూ తాళంచెవి అతనికే ఇచ్చింది. పదకొండేళ్లుగా ఒకే క్యారేజీలో తిన్న మనిషికి కాక ఇంకెవరికిస్తుంది?

అతని పొట్టలోకి తొంగి చూస్తుంది. అక్కడ నిన్నటి కుళాయి ఇంకా పారుతోంది. కుళాయి కింద ఆమె పొర, పక్కనే ఆమె తాళంచెవి.

"నీళ్లలో ముంచేశావా?"

"నీ పొర నెగ్గితే నేనెక్కడ కూర్చోను, యశోదా?" అంటాడు నెమ్మదిగా.

పరీక్ష పెట్టే సీతారత్నం గారు వచ్చి పొరను వేడి చేస్తారు. నిలబడాల్సిన వేడికి ఇరవై డిగ్రీల ముందే అది కరిగి జారిపోతుంది.

"ఇతను మధ్యలో ఓవెన్ తెరిచాడండీ," అంటుంది యశోద.

"నాలో దాపరికం లేదండీ. గోడ దాకా చూసుకోండి," అంటాడు భానోజీ.

ఆవిడ అతని ఛాతీలోంచి గోడగడియారం చూసి తన వాచీలో టైము సరిచేసుకుంటారు. చూపు కుళాయి దాకా దించరు. "నువ్వేంటమ్మా, ఇంత తెల్లగా ఉన్నావు? అవతలేమీ కనబడనివ్వవు."

యశోద చేతులు చూసుకుంటుంది. పాలలా ఉన్నాయి. "నెమ్మదిగా చల్లారానండి."

"అదే మరి అనుమానం."

గది భానోజీ పేర రాసేస్తారు. రాయగానే గది కూడా అతనిలాగే అయిపోతుంది, గోడలతో సహా. విశాఖ ఎండ సూటిగా లోపలికి దిగుతుంది. సీతారత్నం గారు గొడుగేసుకుని వెళ్లిపోతారు.

భానోజీ పాదాల దగ్గర కరగడం మొదలవుతుంది. "ఏదైనా పట్టు, యశోదా," అంటాడు.

ఆమెకు ఏడుపొస్తుంది. పరాయివాడు చేసుంటే కడుపు ఇంత మండేది కాదు. క్యారేజీలో అతని గిన్నె తీసి కింద పెడుతుంది. అతను ఒక్క చుక్క బయట పడకుండా అందులోకి దిగుతాడు. చివర్న తాళంచెవి టంగుమంటుంది.

తాళంచెవి పైకి తీసి గిన్నెను ఓవెన్‌లో పెడుతుంది, గంటకో డిగ్రీ. తాళం వేసి తాళంచెవి మింగేస్తుంది. తెల్లటి పొట్టలో అది ఎవరికీ కనబడదు.

తొమ్మిదో రోజు భోజనాల వేళ భానోజీ ఓవెన్ లోంచి అడుగుతాడు. "ఇవాళ కూరేంటి?"

అలవాటు కొద్దీ ఆమె నోరు తెరుస్తుంది. మాటకు బదులు ఆ కుళాయి నీళ్లే ధారగా వస్తాయి, ఆగవు. తడిసిన చోటల్లా ఒళ్లు తేటపడుతుంది. అచ్చం భానోజీలోలాగే, పొట్టలో తాళంచెవి కనబడుతుంది.